మీ ప్రశ్న - మా జవాబు: అఫ్గాన్ల మనసులో మాట అడగడమెలా?

అఫ్గానిస్థాన్‌లో ప్రజాభిప్రాయ సర్వేలు ఎలా చేస్తారు, వాటిని ఎంతవరకు నమ్మవచ్చు అంటూ వచ్చిన ఉత్తరాల్లో ఆరింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. మొదటి ఉత్తరం రాసిన విద్యార్థిని త్వరలో ఫీల్డులోకి దిగబోతున్నారు. ఆలస్యమైతే జవాబు ఇచ్చీ ప్రయోజనం ఉండదు కాబట్టి దానితోనే మొదలుపెడుతున్నాం.

ప్రశ్న: ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ ప్రాజెక్టు కోసం హైదరాబాద్‌లో చదువుతున్న అఫ్గాన్ విద్యార్థుల్లో 60 మందిని వాళ్ల దేశ పరిస్థితిపై అడగాలనుకుంటున్నాను. గూగుల్ ఫామ్ చేసి వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెడితే సరిపోతుందా? తాలిబన్ల గురించి నేరుగా అడగవచ్చా?
- ఒక విద్యార్థిని, తార్నాక

గ్రూపులో పెట్టకండి. ఆ గ్రూపులో ఎవరెవరున్నారో, ఎవరికి ఎవరంటే భయమో మీకు తెలియదు. ఫామ్‌లో ఈమెయిల్ సేకరించే సెట్టింగు ఆన్‌లో ఉంటే జవాబుతోపాటు మనిషి ఆనవాలు కూడా మీ ల్యాప్‌టాప్‌లోకి వచ్చి పడుతుంది. లింకు చేతులు మారి ఢిల్లీలోనో కాబూల్‌లోనో ఉన్నవాళ్లు కూడా నింపుతారు. వచ్చిన 60 జవాబుల్లో హైదరాబాద్ విద్యార్థులవి ఎన్నో మీరు చెప్పలేరు.

ఎదురుగా కూర్చుని అడగండి. చోటు ముఖ్యం. విభాగంలో సెమినార్ గది, లైబ్రరీలో తలుపు వేసుకోగలిగే గది దొరికితే మంచిది. హాస్టల్ గదిలో రూమ్మేటు ఉంటాడు. ఇరానీ హోటల్లో పక్క టేబుల్ దగ్గర దరీ (అఫ్గాన్లు మాట్లాడే పర్షియన్) తెలిసినవాళ్లు ఎవరున్నారో అని జవాబు చెప్పే మనిషి తల తిప్పి తిప్పి చూస్తుంటాడు. అలా చూస్తూ చెప్పిన జవాబు మీకు పనికిరాదు. ఇంటర్వ్యూ 20 నిమిషాలు దాటనివ్వకండి. అసలు పనికి ముందు ఐదుగురితో ప్రశ్నావళి ప్రయత్నించి చూడండి, ఆ ఐదింటినీ లెక్కలో కలపకండి. అమ్మాయిలను మీరే అడగండి. అబ్బాయిల్లో సగం మందిని మీరు, సగం మందిని మీ తోటి విద్యార్థి ఒకరు అడిగి, రెండు సగాల జవాబులను పక్కపక్కన పెట్టి చూడండి. అడిగింది ఆడమనిషా మగమనిషా అన్నదాన్ని బట్టి మాట ఎంత మారుతోందో అక్కడే తెలుస్తుంది.

ఎవరిని అడగాలో తేల్చడానికి మీ దగ్గర పూర్తి జాబితా లేదు. కాబట్టి పరిచయాల గొలుసు పట్టుకోవలసిందే. కానీ ఆ గొలుసును ఒకే స్నేహబృందం దగ్గర మొదలుపెట్టకండి. ఆరుగురితో ఆరు చోట్ల మొదలుపెట్టండి: దరీ మాట్లాడేవాళ్లు, పష్తో మాట్లాడేవాళ్లు, ఉజ్బెకీ ఇంటిభాషగా ఉన్నవాళ్లు, అమ్మాయిలు, 2021 ఆగస్టుకు (తాలిబన్లు కాబూల్‌లోకి రావడానికి) ముందు వచ్చినవాళ్లు, తర్వాత వచ్చినవాళ్లు. ఒక్కొక్కరికి మూడే చీటీలివ్వండి. చీటీ మీద అంకె తప్ప పేరు ఉండకూడదు. ఎక్కువ చీటీలిస్తే ఎక్కువ స్నేహితులున్న ఒక్కడి లోకమే మీ సర్వే అయిపోతుంది.

ఇక అన్నిటికంటే జాగ్రత్త పడవలసింది వ్యక్తిగత వివరాల దగ్గర. పేరు రాయకపోతే గోప్యత ఉన్నట్టే అనుకుంటారు చాలామంది. ‘హెరాత్ రాష్ట్రం, మహిళ, పీహెచ్‌డీ, 2019లో చేరిక’ అన్న నాలుగు గడులు పక్కపక్కన ఉంటే ఉస్మానియా క్యాంపస్‌లో అది ఒకే ఒక్క మనిషి కావచ్చు. ఆమె తల్లిదండ్రులు అఫ్గానిస్థాన్‌లోనే ఉన్నారు. రాష్ట్రం అడగకండి, ప్రాంతం చాలు. కోర్సు వద్దు, ‘పీజీ లోపు - పీజీ ఆపైన’ చాలు. మీ పట్టికలో ఏ గడిలోనైనా ఐదుగురి కంటే తక్కువ మంది ఉంటే ఆ గడిని పక్కదానితో కలిపేయండి. అంగీకారం నోటిమాటగా తీసుకోండి. సంతకం కాగితమే ఇక్కడ ప్రమాదం. ఎథిక్స్ కమిటీ సంతకం కావాలంటే ఈ కారణం రాసి మినహాయింపు అడగండి. వీసా గడువు గురించి, శరణార్థిగా దరఖాస్తు పెట్టుకున్నారా అన్నదాని గురించి ఒక్క ముక్క కూడా అడగవద్దు. మీ పరిశోధనకు అది అవసరం లేదు.

తాలిబన్లను సమర్థిస్తారా అని నేరుగా అడగకండి. విధానాల మీద అడగండి: ఆరో తరగతి పైన బాలికల చదువు, పరాయి ఊళ్లో ఉద్యోగం, వైద్యం, ధరలు. మీ గైడ్ ‘లిస్టు పద్ధతి’ వాడమనవచ్చు. అందులో సగం మందికి మూడు మామూలు అంశాలు, మిగతా సగానికి అవే మూడూ, వాటితోపాటు సున్నితమైన ఒకటీ చదివి, ‘వీటిలో ఎన్నింటితో ఏకీభవిస్తారు, అంకె చెప్పండి చాలు’ అంటారు. మొదటి జట్టు సగటు 1.6, రెండోది 1.9 వస్తే తేడా 0.3, అంటే 30 శాతం మంది సున్నితమైన అంశానికి ఔనన్నట్టు. పద్ధతి మంచిదే, కానీ ఆకలి ఎక్కువ. జవాబుల చెదురు (సగటుకు అవి ఎంత ఎడంగా పడతాయన్న కొలత, స్టాండర్డ్ డీవియేషన్) 0.8 ఉంటే, జట్టుకు 30 మందితో పొరపాటు పరిధి దాదాపు 40 శాతం అటూ ఇటూ ఉంటుంది. జట్టుకు 1,000 మంది ఉంటే 7 శాతానికి దిగుతుంది. మీ 60 మందితో ఈ పద్ధతి జోలికి వెళ్లకండి.

ప్రాజెక్టు శీర్షికలో ‘అఫ్గాన్ల అభిప్రాయం’ అని రాయకండి. ‘హైదరాబాద్‌లో చదువుతున్న 60 మంది అఫ్గాన్ విద్యార్థుల మాటల్లో’ అని రాయండి. అంతవరకే మీరు నిలబడగలరు.

ప్రశ్న: నాకు హైదరాబాద్ ఉర్దూ బాగా వచ్చు. దరీలో సగం మాటలు ఉర్దూలోవే కదా, అనువాదకుడి అవసరం ఉంటుందా?
- ఒక పాఠకుడు, మలక్‌పేట

తప్పకుండా ఉంటుంది. తెలియని మాటతో పెద్ద ప్రమాదం లేదు, ఆగి అడుగుతారు. తెలిసినట్టే వినిపించే మాట దగ్గరే సర్వే దెబ్బతింటుంది. ‘ఫసాద్’ తీసుకోండి. మన పాతబస్తీలో ఫసాద్ అంటే గొడవ, అల్లరి. దరీలో లంచగొండితనాన్ని ‘ఫసాదె ఇదారీ’ అంటారు. ‘మీ జిల్లాలో ఫసాద్ ఎక్కువా?’ అని మీరు అడిగితే, మీ మనసులో ఉన్నది ఒకటి, వాళ్లు జవాబిచ్చేది ఇంకోదానికి. ‘ఇదారీ’ వదిలేస్తే నడవడి చెడిపోవడం అన్న అర్థం కూడా వచ్చేస్తుంది. ‘ఖౌమ్’ కూడా అంతే. ఉర్దూలో జాతి, దేశప్రజ అని వాడతాం. అఫ్గానిస్థాన్‌లో ఖౌమ్ అంటే ముందుగా గుర్తొచ్చేది తెగ, వంశం, తన మనుషులు. ‘మీకు ఖౌమ్ ముఖ్యమా?’ అన్న ప్రశ్న దేశభక్తి ప్రశ్న అనుకుని అడిగితే తెగల లెక్క చేతికొస్తుంది.

పష్తోతో ఉర్దూకు ఆ పాటి చుట్టరికం కూడా లేదు. పైగా కాందహార్ పలుకుబడి వేరు, తూర్పు రాష్ట్రాలది వేరు. అందుకే ప్రశ్నావళిని ఒకరు దరీ, పష్తోల్లోకి మారుస్తారు. మూలం చూడని ఇంకొకరు తిరిగి వెనక్కి మారుస్తారు. రెండూ పక్కన పెట్టి, తేడా వచ్చిన ప్రతి మాట దగ్గరా ఆగుతారు.

ఇంకొక మాట. ‘దేశం సరైన దారిలో వెళ్తోందా?’ అంటే చాలామంది ‘ఖుదా మేదానా’ అంటారు. దేవుడికే తెలియాలి అని. ఇది ‘తెలియదు’ కిందకు వస్తుందా, ‘చెప్పను’ కిందకు వస్తుందా? శిక్షణలో ఇది తేల్చకపోతే ఒక్కో ఎన్యూమరేటరు (ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలడిగే మనిషి) ఒక్కో గడిలో వేస్తాడు. మంచి పద్ధతి ఏమంటే, దానికి ప్రత్యేకంగా ఒక కోడ్ ఇచ్చి, ‘దేవుడికి తెలుసు, నిజమే, మీకేమనిపిస్తోంది?’ అని ఒక్కసారి మాత్రం మళ్లీ అడగమనడం.

ప్రశ్న: గణాంక శాఖలో పనిచేసి రిటైరయ్యాను. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టుకుంటే చాలంటారు. సుమారు నాలుగు కోట్ల జనాభాకు ఆ మెతుకును ఎక్కడినుంచి తీస్తారు? జనగణన లేదు కదా.
- ఒక పాఠకుడు, వనస్థలిపురం

మీకు తెలియనిది కాదు, ఒక మెతుకు చాలడానికి గిన్నె అడుగునా పైనా ఒకే మంట తగలాలి. అఫ్గానిస్థాన్‌లో చివరి జనగణన 1979లో మొదలై, యుద్ధం వల్ల పూర్తికాకుండానే ఆగిపోయింది. ఇక్కడ ఎన్నికల సర్వేలవాళ్లు ఓటర్ల జాబితా తీసుకుని అందులోంచి పేర్లు లాగుతారు. అక్కడ ఆ వీలు లేదు. ప్రభుత్వ గణాంక సంస్థ అంచనాలే దిక్కు. జనాభా నిష్పత్తి ప్రకారం 34 రాష్ట్రాలకు ఇంటర్వ్యూలు పంచుతారు. తర్వాత జిల్లాలు, ఆ తర్వాత గ్రామాలు లేదా నగరపు వార్డులు చీటీ తీసినట్టు ఎంచుతారు. ఊళ్లో మసీదో బడో బజారో మొదలు చోటు. అక్కడినుంచి చెప్పిన దిశలో నడుస్తూ, చెప్పిన అంతరంలో, ఉదాహరణకు ప్రతి మూడో ఇల్లు.

ఇక్కడే ‘ఇల్లు’ అంటే ఏమిటన్న చిక్కు వస్తుంది. ఎత్తైన మట్టిగోడ, ఒకే ద్వారం, లోపల అన్నదమ్ముల నాలుగు కుటుంబాలు. ద్వారాన్ని ఒక ఇల్లుగా లెక్కపెడితే పెద్ద ఆవరణల్లో ఉండేవాళ్లకు అవకాశం నాలుగో వంతుకు పడిపోతుంది. మన జనగణనలో ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్లను ఒక కుటుంబం అన్నట్టే, అక్కడా వంట కలిసి ఉందా అని అడిగి, లోపలున్న కుటుంబాల్లో ఒకదాన్ని ఎంచాలి.

కుటుంబంలో ఎవరిని అడగాలన్నది కిష్ పట్టికతో తేలుస్తారు: 18 నిండినవాళ్లను వయసు వరసలో రాసి, పట్టిక చూపిన వరస సంఖ్య వారిని అడగడం. తలుపు తీసినవాడినే అడిగితే శాంపిల్ నిండా ఖాళీగా ఉన్న మగపిల్లలే ఉంటారు. కానీ ఇంట్లో ఆడవాళ్ల పేర్లు పరాయివాళ్లకు చెప్పడం అక్కడ చాలామందికి పరువు తక్కువ. గుర్తింపు కార్డు తజ్కిరా మీద తల్లి పేరు ఉండాలంటూ మహిళలు 2017 నుంచి ‘నా పేరు ఎక్కడ?’ అని ఉద్యమం నడిపితే, 2020లో గానీ ఆ చట్ట సవరణ రాలేదు. అందుకే మంచి ఫారంలో పేరు గడి ఉండదు. ‘పెద్దామె, రెండో ఆమె, మూడో ఆమె’ అంటే చాలు, కిష్ పట్టిక పని జరిగిపోతుంది.

మీకు లెక్కలంటే ఇష్టం ఉంటుంది కాబట్టి ఇది కూడా: 1,200 ఇంటర్వ్యూలు ఉన్నాయనుకుందాం. చిట్టీలు తీసినట్టు ఒక్కొక్కరినీ విడిగా ఎంచితే పొరపాటు పరిధి 2.8 శాతం. కానీ ఒకే ఊరివాళ్లు ఒకేలా ఆలోచిస్తారు. ఆ పోలికను సున్నా (పోలికే లేదు) నుంచి 1 (అందరిదీ ఒకే మాట) వరకు కొలిస్తే 0.1 వచ్చిందనుకుంటే, 120 ఊళ్లలో పదేసి మందిని అడిగినప్పుడు మీ 1,200 నిజానికి 632 మందితో సమానం, పరిధి 3.9 శాతం. ఖర్చు తగ్గించడానికి 60 ఊళ్లలో ఇరవయ్యేసి మందిని అడిగితే 414 మందితో సమానం, పరిధి 4.8 శాతం. పత్రికల్లో వేసే ‘2.8’ చాలాసార్లు ఈ లెక్క వేయనిది. కొండల్లో మంచు కురిసే నెలలకు బదఖ్షాన్, నూరిస్తాన్, ఘోర్ దారులు మూసుకుపోతాయని కూడా కలుపుకోండి. శీతాకాలపు సర్వేలో ఆ ఊళ్లు ఉన్నాయా లేవా అని ముందు చూడాలి.

ప్రశ్న: ఏషియా ఫౌండేషన్ 2019 సర్వేలో 85 శాతం మంది తాలిబన్లపై తమకు సానుభూతి లేదన్నారు. రెండేళ్లకే, 2021 ఆగస్టు 15న తాలిబన్లు కాబూల్‌లోకి వచ్చేశారు. సర్వే అబద్ధమేగా?
- ఒక పాఠకుడు, హిమాయత్‌నగర్

అబద్ధం అనలేం. ఇష్టం వేరు, బలం వేరు. సైన్యం చెదిరిపోవడం, విదేశీ బలగాలు వెళ్లిపోవడం ఇంటింటికీ తిరిగి అడిగే ప్రశ్నల్లో కొలిచేవి కావు. ఆ సర్వే 34 రాష్ట్రాల్లో 17,812 మందిని అడిగింది. ‘దేశం సరైన దారిలో ఉంది’ అన్నవాళ్లు అందులో 36 శాతమే. తాలిబన్లు వద్దనడం, ప్రభుత్వం మీద నమ్మకం ఉందనడం రెండూ ఒకటి కాదని ఈ రెండు అంకెలను కలిపి చూస్తే తెలిసేది. చాలామంది మొదటిదే చదివారు.

అయితే 85ను ఉన్నదున్నట్టు తీసుకోకూడదన్న మీ అనుమానం సరైనదే. రెండు కారణాలు. ఎంచిన ఊరికి వెళ్లడం ప్రమాదమైతే దాని బదులు ఇంకో ఊరు తీసుకుంటారు. ఆ బదులు ఊరు దాదాపు ఎప్పుడూ కాస్త ప్రశాంతమైనది, రోడ్డుకు దగ్గరిది. ఎక్కడ తాలిబన్లకు పట్టు ఎక్కువో అక్కడి గొంతే పలచబడుతుంది. రెండోది, గుమ్మం దగ్గర నిలబడ్డ అపరిచితుడు. అతను ప్రభుత్వ మనిషా, విదేశీయుల మనిషా, అవతలివాళ్ల మనిషా? చుట్టూ మామ, తమ్ముడు, పొరుగింటాయన. అతిథిని ఒంటరిగా వదలడం అక్కడ మర్యాద కాదు, కాబట్టి ఏకాంతం దొరకదు. గోడలకు చెవులుండనక్కర్లేదు, మనుషులే కూర్చుని ఉంటారు. అందుకే మంచి ఫారంలో చివర్న ఒక గడి ఉంటుంది: ‘ఇంటర్వ్యూ జరుగుతుండగా ఇంకెవరున్నారు, ఎంతమంది?’ ఆ గడి ప్రకారం విడగొట్టి చూపని సర్వేను జాగ్రత్తగా చదవాలి.

దీనికి మందుగా 2011 మొదట్లో అమెరికా పరిశోధకులు చేసిన పని ఒకటి ఉంది. హెల్మంద్, ఖోస్త్, కునార్, లోగర్, ఉరుజ్గాన్ రాష్ట్రాల్లో 204 గ్రామాలు, 2,754 మంది మగవాళ్లు. జైళ్ల సంస్కరణ వంటి ఒక విధానం గురించి కొందరిని మామూలుగా అడిగారు. కొందరికి అదే విధానాన్ని విదేశీ సేనలు, ఇంకొందరికి తాలిబన్లు ప్రతిపాదించినట్టు చెప్పి అడిగారు. ఎవరినీ ‘మీరు ఎవరి పక్షం?’ అని అడగలేదు. మద్దతులో వచ్చిన తేడాయే జవాబు. విదేశీ సేనల చేతిలో నష్టపోయినవాళ్లలో ఆ సేనలపై మద్దతు తగ్గి తాలిబన్ల వైపు పెరిగింది. తాలిబన్ల చేతిలో నష్టపోయినవాళ్లు మాత్రం అలా విదేశీ సేనల వైపు మొగ్గలేదు. లిస్టు పద్ధతిని కూడా వాళ్లు ప్రయత్నించారు. తాలిబన్ల పేరు చేర్చిన జాబితాకు ఎవరూ ‘సున్నా’ అనలేదు, ‘అన్నీ’ అని కూడా అనలేదు. ఆ రెండు అంకెల్లో ఏది చెప్పినా మనసు బయటపడుతుందని, చదువు రానివాళ్లు సైతం క్షణంలో లెక్కగట్టారు. భయపడే మనిషి మన పద్ధతి కంటే ఎప్పుడూ ఒక అడుగు ముందే ఉంటాడు.

ప్రశ్న: నేను టీచరుగా సమగ్ర కుటుంబ సర్వే డ్యూటీ చేశాను. ఇళ్లకు వెళ్లకుండా చెట్టు కింద కూర్చుని ఫారాలు నింపేవాళ్లను అక్కడ ఎలా పట్టుకుంటారు?
- ఒక ఉపాధ్యాయురాలు, ఉప్పల్

వయసుల గడి చూస్తారు. అక్కడ చాలామందికి పుట్టిన తేదీ తెలియదు, ‘ముప్ఫై ఉంటుంది, నలభై ఐదు ఉంటుంది’ అంటారు. కాబట్టి నిజంగా వెళ్లి అడిగిన ఫారాల్లో 0, 5తో ముగిసే వయసులు గుట్టలుగా పడతాయి. ఒక ఎన్యూమరేటరు తెచ్చిన వయసులు 31, 44, 27, 38 అంటూ చక్కగా చెదిరి ఉంటే, అవి తలలోంచి వచ్చినవేమో అని ముందు అనుమానించాలి. నిజాయితీపరుడైతే సంఘటనలతో పోల్చి అడుగుతాడు: జహీర్ షాను దించినప్పుడు (1973) పుట్టి ఉన్నారా, రష్యన్లు వచ్చినప్పుడు (1979) బడికి వెళ్తున్నారా అని.

మిగతావి మీకు తెలిసినవే. 10 నుంచి 20 శాతం ఇళ్లకు సూపర్‌వైజరు మళ్లీ వెళ్లడం, 40 నిమిషాల ఫారం 12 నిమిషాల్లో పూర్తయితే ఆపి అడగడం. రెండు ఫారాల్లో 85 శాతానికి పైగా జవాబులు ఒకేలా ఉంటే నకలని పట్టే పద్ధతి ఒకటుంది. కానీ ప్రశ్నలు తక్కువగా ఉండి, ఊరంతా ఒకే మాట అనే చోట నిజమైన ఫారాలు కూడా దానికి చిక్కుతాయి. అది చూసి ఉద్యోగం తీసేయకూడదు, మళ్లీ ఇంటికి వెళ్లి చూడాలి. టాబ్‌లో జీపీఎస్ పెడితే సులువు కదా అనిపిస్తుంది. చేతిలో ఊరి అక్షాంశ రేఖాంశాలు పట్టుకు తిరిగే కుర్రాడిని గూఢచారి అనుకుంటే అతని ప్రాణం మీదకొస్తుంది. అలాంటి చోట కాగితం, పెన్నే నయం.

ప్రశ్న: ఇప్పుడు మహిళలను అడిగేదెవరు? అఫ్గాన్లలో 98 శాతం మంది బాధలో బతుకుతున్నారని గాలప్ 2022 అంకె చూశాను, నమ్మేదేనా?
- ఒక విలేకరి, కూకట్‌పల్లి

ఆ 98 శాతం ‘మీరు బాధలో ఉన్నారా?’ అన్న ప్రశ్నకు వచ్చిన జవాబు కాదు. సున్నా నుంచి 10 మెట్ల నిచ్చెన గురించి చెప్పి, ఇప్పుడు ఏ మెట్టు మీద ఉన్నారు, ఐదేళ్లకు ఏ మెట్టు మీద ఉంటారు అని అడుగుతారు. రెండింటికీ 4 లేదా అంతకంటే తక్కువ చెప్పినవాళ్లను ‘బాధలో’ అన్న గడిలో వేస్తారు. వార్త రాస్తే ఈ వాక్యం కూడా రాయండి.

మహిళల సంగతి కష్టంగానే ఉంది. 2022 డిసెంబర్ 24న స్వచ్ఛంద సంస్థల్లో మహిళల ఉద్యోగాలను నిషేధించారు, 2023 ఏప్రిల్‌లో ఐక్యరాజ్య సమితి సిబ్బందికి కూడా వర్తింపజేశారు. మగవాడు వెళ్లి పరాయి స్త్రీని అడగలేడు. అందువల్ల ఫోన్ మీద ఆధారపడడం బాగా పెరిగింది. కానీ ఫోన్ చాలా ఇళ్లలో మగవాడి జేబులో ఉంటుంది. సొంత ఫోన్ ఉన్న స్త్రీలు నగరాల్లో, చదువుకున్నవాళ్లలో ఎక్కువ. వెయిటింగ్ వేసి సరిచేస్తామంటారు, కానీ ఫోన్ లేని పల్లె మహిళ బదులు ఫోన్ ఉన్న కాబూల్ మహిళను మూడుసార్లు లెక్కించినా పల్లె మాట రాదు.

ఫోన్ సర్వే ఫలితం మీ చేతికొస్తే ఇవి అడిగి తెలుసుకోండి: మహిళలకు ఫోన్ చేసింది మహిళలేనా? మొదటి ప్రశ్న ‘ఇప్పుడు మాట్లాడే వీలుందా?’ అన్నదేనా? లేదంటే మళ్లీ ఎప్పుడు చేయాలో ఆమెనే అడిగారా? జవాబులన్నీ ఔను, కాదు, అంకెల్లోనే చెప్పేలా ప్రశ్నలు రాశారా? అలా రాస్తే పక్కన కూర్చున్నవారికి ‘ఔను... మూడు... కాదు’ అని మాత్రమే వినిపిస్తుంది, ప్రశ్న వినిపించదు. మధ్యలో ఎవరైనా వస్తే మాట మార్చడానికి ధరల గురించో పిల్లల టీకాల గురించో ఒక ప్రశ్న ఫోన్ చేసే ఆమె ముందు సిద్ధంగా ఉండాలి. కాల్ ముగిశాక ఫోన్ నంబరును జవాబుల ఫైలు నుంచి అదే రోజు వేరు చేశారా అన్నది చివరి ప్రశ్న. లేదంటే, ఆ అంకెలు ఎంత బాగున్నా ప్రచురించే ముందు మీ సంపాదకుడితో మాట్లాడండి.